ఏడో రేవులో ఉప్పు వర్తకుడు

'ఏడు రేవులు' ఆటను చివర్లో పాడు చేశారు. ఇందులో వాదనకు చోటు లేదు. హేమంత నాయుడు ఈ మాట అనేశాక ఎదుటివాళ్ళు వేరే సంగతి ఎత్తుకునేవారు.

అప్పటికి సముద్రం ముందుకొచ్చి కళింగపట్నం వెనక్కి జరిగి చాలా ఏళ్ళయింది. ఊరంతా సముద్రపు గోడ మీదే ఉండేది. ఇళ్ళ కింద అలల కరెంటు తీసే చక్రాలు తిరిగేవి. పోటు వచ్చినప్పుడల్లా నేల సన్నగా వణికేది. ఆ వణుకులో పెరిగిన పిల్లలు పొరుగూరు వెళితే నిద్ర పట్టక పేచీ పెట్టేవారు. నాయుడు ఆ గోడ తలుపుల దగ్గర పనిచేసి విరమించాడు. ఇప్పుడు తలుపులు వాటంతట అవే తెరుచుకుంటున్నాయి. సరిగ్గా తెరుచుకోవడం లేదని ఆయన అభిప్రాయం.

ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ ఒక మునకగది ఉండేది. అందులోకి వెళ్ళి, ఇంజినీర్లు హాప్టిక్ సూట్ అని పిలిచే స్పర్శచొక్కా తొడుక్కుంటే నాలుగు గోడలూ మాయమై ఆటలోని లోకం చుట్టుముట్టేది. తాడు లాగితే అరచేయి మండేది. అల కొడితే పెదవికి ఉప్పు తగిలేది. ఆ గదుల కోసం పుట్టిన ఆటల్లో 'ఏడు రేవులు' పెద్దది. కొన్నేళ్ళకొక భాగం వచ్చేది. ఒక్కో భాగంలో ఒక్కో రేవు చేరాలి. పడవకు ఇద్దరు ఉండవచ్చు. నాయుడు చుక్కాని పట్టేవాడు. ఆయన భార్య లోహిత ముందు, పడవ ముక్కు దగ్గర నిలబడేది.

ఆరో భాగం అయ్యాక లోహిత జబ్బు చేసి పోయింది. ఏడో భాగం ఆయన ఒక్కడే ఆడాడు. పడవ ముక్కు ఖాళీగా ఉండగానే ఏడో రేవు చేరాడు. గట్టు మీద కాలు పెట్టగానే ఆకాశం గుడ్డలా చుట్టుకుపోయింది. ఆ స్థానంలో ఒక సత్రం కనిపించింది. బయట ముసురు. లోపల బాటసారులు మూటలు తలకింద పెట్టుకుని కునుకుతున్నారు. మధ్యలో బస్తా మీద కూర్చున్న ఉప్పు వర్తకుడొకడు అంటున్నాడు: "అదీ కథ. అలాంటి రేవులూ లేవు, అలాంటి పడవా లేదు. వాన తగ్గేదాకా ఏదో చెప్పాను." అంతే. ఆట అయిపోయింది.

దేశమంతా గోల పుట్టింది. కొందరు కోర్టుకు వెళ్ళారు. కొందరు చొక్కాలు తెచ్చి సముద్రంలో పారేశారు. నాయుడు అలాంటివేవీ చేయలేదు. ఆయన ఆలోచన సూటిగా ఉంది. ఆ వర్తకుడి మాట నిజమైతే పడవ లేదు. పడవ లేకపోతే దాని ముక్కు మీద లోహిత నిలబడలేదు. నాలుగో రేవు దారిలో మంచు కమ్మినప్పుడు దొంగలు కొక్కెం విసిరితే, ఆ తాడు కోసి పడవను కాపాడింది కూడా ఆమె కాదు. పెళ్ళయిన నాటినుంచి ఇద్దరూ కలిసి మనసుపెట్టి చేసింది ఆ ప్రయాణం ఒక్కటే. దాన్ని ఎవడో ఒక్క మాటతో లేదనేశాడు.

లోహిత తమ్ముడు రిత్విక్ రోజూ టీకి వచ్చేవాడు. అరవై దాటినా నోటి దురుసు తగ్గలేదు.

"మా అక్క పోయినప్పుడు నీ కంట సుక్క రానేదు బావా. ఉప్పోడి మీద మాత్రం ఇన్నేళ్ళు ఏడుస్తన్నావు," అనేవాడు.

 నాయుడు అతని టీలో చక్కెర తగ్గించేవాడు.

చివరికి ఆటను తయారుచేసిన సంస్థ దిగివచ్చింది. 'శ్రోత' అనే యంత్రాన్ని కనిపెట్టామని ప్రకటించింది. అంతవరకు ఆట యంత్రాలన్నీ చెప్పేవే. ఇది వినేది. ఆటగాడు కుర్చీలో కూర్చుని, మెడకు స్వరపట్టీ కట్టుకుని, తన ప్రయాణంలో ఏం జరిగిందో తన మాటల్లో చెప్పాలి. మనిషి నోరు ఒకటి చెబుతుంటే గొంతు ఇంకొకటి చెబుతుంది. మనసుకు నిజంగా కావలసినది దగ్గర పడితే, మాటకు ముందే ఊపిరి బిగుస్తుంది. స్వరపట్టీలోని సెన్సర్లు ఆ బిగువును పట్టుకుంటాయి. యంత్రం వాటిని పాత ఆట రికార్డులతో కలిపి చూసి, ఆ మనిషికి కావలసిన ముగింపును అల్లుతుంది. మనిషికొక ముగింపు, ఒక్కసారే. ఏడాది చివర పాత లోకాలన్నీ మూసేస్తారు. అప్పటికి ఎవరి ముగింపు ఏదైతే అదే శాశ్వతం. రానివాళ్ళకు ఉప్పు వర్తకుడే ఖాయం.

రిత్విక్ ముందుగా వెళ్ళాడు. ఛాతీ విరుచుకుని తిరిగొచ్చాడు. ఏడో రేవుకు తనే రాజయ్యాడట. ఏనుగు మీద ఊరేగించారట. అతను ఆ ఊరేగింపు వర్ణిస్తుండగానే నాయుడు లేచి అన్నం చూసుకోవడానికి వెళ్ళాడు. వీధిలో మిగతావాళ్ళదీ అదే వరస. ఒకడు రాక్షసిని చంపాడు, ఒకావిడ సముద్రాన్నే పెళ్ళాడింది. ఎవరిది వాళ్ళు చెప్పబోతే అవతలివాళ్ళు తమది మొదలుపెట్టేవారు. పండగలాంటి ఆ సందడి పది రోజులైనా నిలవలేదు. ఎవరికి కావలసినది వాళ్ళకు దొరికింది. అయినా వీధిలో ముఖాలు మళ్ళీ ముడుచుకున్నాయి.

ఏడాది చివర కావస్తుండగా నాయుడు శ్రీకాకుళంలోని కేంద్రానికి వెళ్ళాడు. శ్రోతను తయారుచేసిన డాక్టర్ ఇందీవర అక్కడే ఉంది. నలభై ఏళ్ళ మనిషి. నమస్కారం పెట్టి కుర్చీ చూపించి, మెడకు పట్టీ తనే కట్టింది. పక్కగదిలోకి వెళ్ళి అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

"చెప్పండి," అంది యంత్రం. మర్యాదైన గొంతు.

"ఏటి సెప్పమంటావు?"

"మీ ప్రయాణంలో ఏం జరిగిందో."

 నాయుడికి రేవుల పేర్లు గుర్తున్నాయి. గాలులు గుర్తున్నాయి.

"సెప్పడం నాకు సేతకాదు. అది మా ఆవిడ పని. నాను ఇనీవోణ్ణి," అన్నాడు.

"నేను కూడా వినడానికే ఉన్నానండి."

"మరింకేటి. ఇద్దరం ఇనీవోళ్ళమే. సెప్పీదెవుడు?"

ఇందీవర లోపలికి వచ్చింది. ఆమె ముఖంలో చిక్కుపడ్డ మనిషి చూపు ఉంది. ఆయన ఫైలంతా వెతికానని, ఇన్నేళ్ళ ఆటలో ఆయన గొంతు ఒక్కచోట కూడా లేదని చెప్పింది. లోహిత గారి మాటలు మాత్రం గంటల కొద్దీ ఉన్నాయట. రెండు రేవుల మధ్య ఏమీ జరగని నడిసముద్రం ఉంటుంది. ఆటగాళ్ళందరూ దాన్ని దాటేసి ముందుకు దూకుతారు. ఈ ఇద్దరు మాత్రం ఎన్నడూ దూకలేదు. ఆ సముద్రమంతా ఆవిడ అంతవరకు జరిగిందంతా మళ్ళీ కథగా చెబుతూనే ఉంది. ఈయన పక్కన లేనట్టే ఉంది.

"పక్కన నేకపోతే ఎవుడికి సెప్పిందమ్మా? ఊ కొట్టకండా కథెవుడు సెప్తాడు?" అన్నాడు నాయుడు.

ఇందీవర కూడా వాళ్ళమ్మమ్మ పక్కలో పడుకుని ఊ కొట్టిన పిల్లే. రికార్డులను శుభ్రం చేసే నాయిస్ ఫిల్టర్‌ను పెట్టించింది ఆమే. దగ్గులు, కుక్క అరుపులు, చప్పరింపులతో పాటు, అర్థం లేని చప్పుడని ఊ శబ్దాన్ని కూడా తీసేయించింది. అందుకే యంత్రం తన ముందు కూర్చున్నవాళ్ళు చెబుతుంటే గుడ్లప్పగించి ఊరుకునేది. మనుషులు నాలుగు మాటలు చెప్పి, ఎవరూ వినడం లేదన్న తొందరలో ఏనుగులనూ రాజ్యాలనూ ఎక్కి ముగించేసేవారు.

శుభ్రం చేయని రికార్డులు వేరేచోట ఉన్నాయి. వాటిని తెప్పించి యంత్రానికి ఇచ్చింది. కాసేపటికి తెర మీద ఒక గీత పాకింది. నాయుడి ఊలు. పొట్టివి, సాగినవి, సందేహం ఉన్నవి, నిద్రమత్తువి, నవ్వు దాచుకున్నవి. మనిషి ఒక్క మాట ఆడకుండా ఇంత మాట్లాడవచ్చని ఇందీవరకు అంతవరకు తెలియదు.

ఆమె మెల్లగా అడిగింది. కథ చెప్పడానికి కావాలంటే లోహిత గారి గొంతునే తయారుచేయవచ్చని, తేడా తెలియదని అంది.

"వొద్దు," అన్నాడు నాయుడు. "సచ్చిపోయినోళ్ళ గొంతు అద్దెకి తేకు. ఆ ఉప్పోణ్ణే సెప్పమను. ఆడు సెప్పింది ఆడే సక్కబెట్టాల."

స్పర్శచొక్కా తొడుక్కోగానే గోడలు మాయమై మళ్ళీ సత్రం వచ్చింది. అదే ముసురు, అవే బస్తాలు, అదే కునుకు. అయితే ఈసారి ఒక బాటసారి లేచి కూర్చుని ఉన్నాడు. ఆ బాటసారి తనే.

వర్తకుడు మొదటి రేవు నుంచి ఎత్తుకున్నాడు. మునుపటిలా తేల్చిపారేయలేదు. నాయుడు వినకూడదనే కూర్చున్నాడు. అయినా కాసేపటికి గొంతులోంచి అలవాటు కొద్దీ ఊ వచ్చింది. వర్తకుడు ఆయన వైపు తిరిగాడు. ఊ సాగినచోట నెమ్మదించాడు. పొట్టిగా తెగినచోట తొందరగా దాటాడు. కథ రెండో రేవు దాటింది, మూడో రేవు దాటింది. మంచు కమ్మింది. కొక్కెం వచ్చి పడవ అంచుకు తగులుకుంది.

"అప్పుడు ఇద్దరు దొంగలు తాడు పట్టుకుని ఎక్కబోయారు," అన్నాడు వర్తకుడు.

ఆట రికార్డు ప్రకారం అది నిజం. ఇద్దరే వచ్చారు.

నాయుడు ఊ కొట్టలేదు. వర్తకుడు ఆగాడు.

"ఇద్దరు కాదు," అన్నాడు నాయుడు. "పది మంది."

లోహిత ఎప్పుడు చెప్పినా పదిమందే. అబద్ధమని ఆయనకు తెలుసు. చుక్కాని దగ్గర ఉన్నది తనే కదా. అయినా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ లెక్క సరిచేయాలనిపించలేదు. వర్తకుడు కథ అన్నందుకు ఆయనకు కోపం రాలేదని, ఆ కథను నిద్రపోయేవాళ్ళకు, ఎవరిదో అన్నట్టు చెప్పినందుకు వచ్చిందని అప్పుడు తెలిసింది. ఆ ముక్క ఆయన ఎవరితోనూ అనలేదు.

వర్తకుడు బస్తా మీద కాస్త పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. ఆ తర్వాత ఏమీ అనకుండా, "ఊ," అన్నాడు.

నాయుడు వెళ్ళి బస్తా మీద కూర్చున్నాడు. ముందు మాటలు తడబడ్డాయి. "పది మంది," అని మళ్ళీ అన్నాడు. "ఒకడి సేతిలో కత్తి. నాను సుక్కాని వదలడానికి నేదు. ఆవిడ ఎనక్కి సూడనేదు. ఒక్క ఏటుకి తాడు కోసీసింది." ఊ, అన్నాడు వర్తకుడు. మూలనున్న బాటసారి ఒకడు కళ్ళు తెరిచాడు. ఆరో రేవు వచ్చేసరికి సత్రంలో కునికేవాడు లేడు. అద్దం అవతల ఇందీవర పట్టీ గీతను చూడడం మానేసి, నిజంగానే వింటూ కూర్చుంది.

ఆయన ఏడో రేవుదాకా చెప్పాడు. ఆ రేవులో పడవ ముక్కు ఖాళీగా ఉందని కూడా చెప్పాడు. అక్కడ ఆగాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ రోజు నుంచి ఇందీవర యంత్రాన్ని మార్చింది. ఊ కొట్టడం నేర్పింది. అంతటితో ఆగకుండా ఇంకొక పని చేసింది. ఎవరి ముగింపులో వాళ్ళు ఒంటరిగా రాజులై కూర్చున్నవాళ్ళందరికీ ఆ సత్రం తలుపు తెరిచింది. లోపలికి వచ్చినవాళ్ళు ముందు ఒకరి కథ పూర్తిగా వినాలి. ఆ తర్వాతే తమది చెప్పాలి. ఈ ఒక్క షరతుకు సగం మంది తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. మిగతా సగం ఉండిపోయారు. వారానికి వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఒక్కొక్కరే తిరిగొచ్చారు. పాత లోకాలు మూసేసే గడువు వచ్చింది. సత్రం నిండా మనుషులున్నారని దాన్ని మాత్రం మూయలేదు. వాన మాత్రం తగ్గలేదు. తగ్గించమని ఎవరూ అడగలేదు.

రిత్విక్ కూడా వచ్చాడు. బావ కథంతా విన్నాడు. దొంగలు పదిమంది అన్నప్పుడు మాత్రం తల దించుకున్నాడు. చిన్నప్పుడు అక్క తనకు చెప్పిన ప్రతి కథలోనూ దొంగలు పదిమందే. తరువాత తన ఏనుగు ఊరేగింపు మొదలుపెట్టాడు. నాయుడు ఈసారి అన్నం చూసుకోవడానికి లేవలేదు. మొదటినుంచి చివరిదాకా, ఏనుగు మోకరిల్లేదాకా కూర్చుని విన్నాడు. రిత్విక్ ఇంతవరకు ఎవరికీ చెప్పని ముక్క అప్పుడు బయటపడింది. ఏనుగు మీద తన పక్కన ఖాళీ చోటు ఒకటి ఉందట. అక్క కోసం ఉంచాడట.

మర్నాడు టీ తాగుతూ రిత్విక్ ఊరుకోలేకపోయాడు.

"అయితే బావా, ఆ ఉప్పోడి ముగింపు మంచిదే అనీసినట్టే గదా."

నాయుడు గ్లాసు కింద పెట్టాడు. కోపంగా లేడు. చాలా ఏళ్ళ తరవాత టీలో చక్కెర కూడా సరిగ్గా వేశాడు.

"ఆళ్ళు పాడు సేసినారు. బాగు సేసుకున్నది మనం," అన్నాడు. "ఈ మాట నీకు ఒకసారి సెప్పీసినాను. ఇంక నా కాడ ఆ ఉప్పోడి ఊసెత్తకు. నానూ ఎత్తను."

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికాడు. ఎత్తలేదు.