బూట్లకంటిన బురద

అనంతలక్ష్మికి అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. పాలు విరిగితే కొట్టువాణ్ణి, మొగుడు ఊరికే నవ్వితే మొగుణ్ణి అనుమానించే మనిషి. అలాంటిది, ఆ ఉదయం ఎడారి ఊరు బనియాస్‌లో తమ ఫ్లాటు గుమ్మం పక్కన కూతురి బూట్లు చూసి ఊరుకుంటుందా? ఇసుకైతే దులిపేస్తే పోతుంది. వానే పడని ఊళ్ళో ఇంత బురద ఎక్కడిది?

"శ్రీసుధా, నిన్న కాలేజీ నుంచి ఎటెళ్ళావే?"

"లైబ్రరీకమ్మా."

"లైబ్రరీలో నాట్లేస్తున్నారా?"

శ్రీసుధ లంచ్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఎవడో ఉన్నాడు, సందేహం లేదు. అనంతలక్ష్మికి ఆ పూట అన్నం సయించలేదు. ఇంటాయన మురళి తన ఆఫీసు ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, బతిమాలి పిల్లకి అకౌంట్స్ ఉద్యోగం ఖాయం చేయించాడు. ఇప్పుడు పరువు పోతే?

సాయంత్రం ఆవిడ బస్సు ఆగేచోట ఫార్మసీ నీడలో మాటు వేసింది. కాలేజీ బస్సు దిగిన శ్రీసుధ ఇంటివైపు కాక, హన్మాండ్లు కిరాణా కొట్టు వెనక సందులోకి తిరిగింది. అనంతలక్ష్మి కొంగు బిగించి వెంటపడింది.

"ఎవడే వాడు? బయటికి రమ్మను!"

సందులో ఎవడూ లేడు. గోడ పొడవునా ఏసీ గొట్టాల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. వాటి కింద నవనవలాడుతూ గోంగూర మడి. మధ్యలో చేతులకీ బూట్లకీ బురదతో శ్రీసుధ.

కేకలకి హన్మాండ్లు పరుగెత్తుకొచ్చాడు. "లొల్లి చెయ్యకుండ్రి అమ్మా! మీరు వారం వారం కొంటున్న గోంగూర గీ బిడ్డ పెంచిందే. చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది."

ఊరి నుంచి విమానంలో వచ్చిందనుకుని అనంతలక్ష్మి లొట్టలేసుకుంటూ తిన్న కూర అది!

"ఏసీ నీళ్ళు ఉప్పుండవమ్మా, మొక్క బతుకుతుంది" అంది శ్రీసుధ తల వంచుకుని. "కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు అయిపోతున్నాయి. అల్ ఐన్‌లో అగ్రికల్చర్ డిగ్రీకి మారడానికి సీటిచ్చారు. ఇక్కడ చదివిన సబ్జెక్టులు కొన్ని అక్కడ కలుపుకుంటారు. రేపు నాన్న వచ్చి సంతకం చెయ్యకపోతే సీటు పోతుంది."

"మరి అడగొచ్చుగా?"

"అడిగానుగా. మట్టి పిసకడానికా నిన్ను దుబాయ్ తెచ్చిందని నాన్న కసిరారు. నువ్వు పడీ పడీ నవ్వావు."

నవ్వింది. నిజమే. అనుమానించడానికి ఉన్న తీరిక, అడిగి తెలుసుకోవడానికి లేకపోయింది తనకి. కూతురి బురద చేతుల్ని గబుక్కున తన చీర కొంగుతో తుడిచింది.

"కొయ్యవే నాలుగు కట్టలు" అంది.

ఆ రాత్రి మురళి గోంగూర పప్పు రెండోసారి వడ్డించుకున్నాడు. "ఎంత బాగుందే! ఏ ఊరిది?"

"మీరు కసిరారే, ఆ పిల్లది. ఏసీ నీళ్ళతో పెంచింది. మీరెళ్ళి సంతకం చెయ్యకపోతే రేపటితో సీటు పోతుందట."

మురళి చెయ్యి కంచంలో ఆగిపోయింది. కూతురి గోళ్ళలో మిగిలిన మట్టిని చూశాడు.

"పొద్దున్నే అల్ ఐన్ బస్సు ఎన్నింటికమ్మా?" అని అడిగి, ఎడంచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "పచ్చిమిరపకాయలు మరీ ఎక్కువేశావు లక్ష్మీ."

అనంతలక్ష్మి నమ్మలేదు.