యూరప్ తిరిగిన బైకు

గోదావరి ఊళ్ళను ముంచిన పెద్ద వరద తర్వాత అది నాలుగో ఏడు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. సెప్టెంబర్ ఆరు, ఉదయం 6.20. అక్కడి హవల్లీ పేటలో, తెలుగువాళ్ళుండే బిల్డింగు కింద బైకు లేదు.

బైకు పోతే పోయింది. దాని పక్కపెట్టెలో పదకొండు పాస్‌పోర్టులున్నాయి. ఇళ్ళల్లో పనిచేసే పదకొండు మంది ఆడవాళ్ళవి. మర్నాడు ఆరింటికి బాస్రా బస్సు. పాస్‌పోర్టు లేనివాళ్ళను బోర్డర్‌లో దింపేస్తారు.

"సోల్జర్లే ఎత్తుకుపోయారు," అన్నాడు సోమశేఖర్. బెజవాడ ఇంజనీరు. బైకు ఆయనదే.

వాచ్‌మన్ గంగాధర వంగి నేల చూస్తున్నాడు. అమలాపురంలో ఇరవై రెండేళ్ళు కానిస్టేబుల్‌గా చేసి వచ్చినవాడు.

రాయచోటి నూర్ బీ గోడకు చేరగిలబడింది. "పనిలో పెట్టుకున్న కఫీల్ కాళ్ళు పట్టుకొని తెచ్చుకున్న పాస్‌పోర్టు సార్ అది. పది దేశాల బోర్డర్లు దాటినోణ్ణి, దాచేది నాకు తెలుసు అంటివే. అందుకే గదా నీ చేతికిస్తిమి!"

సోమశేఖర్ ఆ బైకు మీద యూరప్ తిరిగిన కథ బిల్డింగంతా విన్నదే. ఆల్ప్స్ మలుపుల్లో మబ్బుల్లోంచి దిగుతుంటే స్వర్గమేనట. ఆస్ట్రియాలో వారం వాన, బూట్ల నిండా నీళ్ళు. ఇటలీలో డీజిల్ మీద జారి పేడకుప్పలో పడితే ఒక ముసలమ్మ ఒళ్ళు కడిగి సూప్ పోసిందట. బెజవాడలో బుల్లెట్ నడిపిన చెయ్యి నాది, అనేవాడు. ఆల్బమ్ చూపించేవాడు. ఇక్కడ మాత్రం బైకెక్కేవాడు కాదు. ఈ రోడ్లు దానికి తగవట.

6.50. సందు చివర, మూతబడ్డ కోల్డ్ స్టోరేజీ వెనక బైకు దొరికింది. సైనికులు దోచుకోగా మిగిలిన కోళ్ళు అక్కడ గుట్టగా కుళ్ళుతున్నాయి. గంగాధర ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు.

బైకు గోడను గుద్ది పడి ఉంది. పక్కపెట్టె ఊడిపోయింది, చుట్టుపక్కల ఎక్కడా లేదు. కుడి పెడల్ మీద దుమ్ము చెదరలేదు. ఎడమ పెడల్ కిందికి వంగిపోయింది. నేల మీద టైరు ఈడ్చిన గీత లేదు.

మెకానిక్ మాబును పిలిచాడు.

"తెల్లారుజామున ఎక్కడున్నావ్?"

"నమాజులో. నన్నే అనుమానిస్తాండావా అన్నా?"

"ఈ బండి నడిపావా ఎప్పుడైనా?"

"వారం వారం. రిపేరు నాదే గదా."

"బ్రేకు ఏ కాలికి?"

"కుడికాలికి. గేరు ఎడమకి."

"ఎళ్ళు."

7.30. మెట్ల దగ్గర అందర్నీ కూర్చోబెట్టాడు.

"సోల్జర్లు కాదండి. గోడ మీదికొచ్చేసరికి కంగారులో ఎడమ పెడల్ తొక్కేశాడు, బ్రేకనుకుని. గేరు పడి బండి ఇంకా ఎగిరింది. ఎడమకాలికి బ్రేకుండేది మన బుల్లెట్‌కేనండి. ఇక్కడ బుల్లెట్ మీద నేర్చుకున్నోళ్ళం ఇద్దరవే. నేనూ, తవరూ."

సోమశేఖర్ నవ్వాడు. "భలేవాడివయ్యా! ఆరువేల కిలోమీటర్లు తిరిగాను దీని మీద. బ్రేకెక్కడుందో నాకు తెలీదా?"

"నేనడిగేదీ అదేనండి."

ఎవరూ నవ్వలేదు. సోమశేఖర్ నవ్వు కూడా ఆగింది.

నిజం నెమ్మదిగా బయటికొచ్చింది. బైకు ఒక జర్మన్ ఇంజనీరుది. దేశం వదిలిపోతూ అమ్మేశాడు. ఆల్బమ్ ఊరికే ఇచ్చాడు. ఫొటోల్లో హెల్మెట్ లోపలి మొహం కూడా అతనిదే. సోమశేఖర్ యూరప్ గడ్డ తొక్కలేదు. బస్సు దాకా ఆగే ధైర్యం లేక, తెల్లవారుజామున ఒక్కడే పారిపోబోయాడు.

"పాస్‌పోర్టులు తీసిపెట్టి పోవచ్చు గదా సార్?" అంది నూర్ బీ.

"తొందరలో... గుర్తు రాలేదు."

ఆయనది మాత్రం చొక్కా జేబులో ఉంది.

"పెట్టె ఏది?" అన్నాడు గంగాధర.

"కోళ్ళ కింద. సోల్జర్లు పట్టుకెళ్ళారంటే నమ్మాలి కదా అని..."

గంగాధర ఆ కుళ్ళులో భుజం దాకా చెయ్యి పెట్టి పెట్టె లాగాడు. పురుగులు మోచేతి మీదికి పాకాయి. రెండుసార్లు కక్కుకున్నాడు. సోమశేఖర్ సెంటు పూసిన కర్చీఫ్ అందించబోయాడు.

"మీ దగ్గరే ఉంచుకోండి."

మర్నాడు 5.40కి బస్సు దగ్గర ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ చేతిలోనే పెట్టాడు. సోమశేఖర్ రెండు సూట్‌కేసులతో బస్సెక్కి తల వంచుకు నిలబడ్డాడు. నూర్ బీ సీట్లో కాస్త జరిగింది.

"కూచో సార్. నిలబడి ఎంత దూరమని పోతావు."

ఆయన కూర్చున్నాడు. ఇక బస్సు మొత్తంలో ఆయన పక్కన ఒక్క చోటే మిగిలింది.

చివర ఎక్కిన గంగాధర అటు చూశాడు. కిటికీ అవతల ఉమ్మేసి, వెనక నిచ్చెన పట్టుకుని బస్సు టాపెక్కాడు. ఎండలో కాలబోయే రేకు మీద, మూటల మధ్య కూర్చుని, పోనిమ్మని రెండుసార్లు చేత్తో చరిచాడు.