మామయ్య గీతకు ఎంత మెమరీ

ఆ పొద్దున కూడా కోడలు అందరికంటే ముందే లేచి, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. మందుల గోదాము లెక్కలు చూసే ఉద్యోగం ఆమెది. ఇంటి నుంచే పని. ఏ మందు ఎన్ని పెట్టెలు వచ్చిందీ, ఎన్ని పోయిందీ పెద్ద పెద్ద షీట్లలో ఎక్కించాలి. ఒకసారి మొదలుపెడితే సాయంత్రం దాకా యంత్రాన్ని ఆపడానికి లేదు. ఆపితే ఆఫీసువాళ్ళు గైర్హాజరు వేస్తారు.

"అమ్మాయ్, నువ్వు వంటింట్లోకి వెళ్ళేటప్పుడు చెప్పు, కాసేపు నేను కూర్చుంటాను" అని మామయ్య రోజూ గుమ్మంలో నిలబడి అడిగేవాడు. ఆ రోజు అడగలేదు. తన పెన్నునూ, గీతలు గీసే పలకనూ పాత తువ్వాల్లో చుట్టి బీరువా మీద పెట్టేశాడు. కోడలు చూసీ చూడనట్టు తల దించుకుంది. 

మామయ్య ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. స్కేలు పెట్టకుండా గీత లాగితే దారం పట్టినట్టు వచ్చేది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక కుంచె మూలన పడింది. చెయ్యి కాస్త స్వాధీనంలోకి వచ్చాక, లారీ మెకానిక్కు అయిన కొడుకు ఈ పలక తెచ్చిచ్చాడు. దాని మీద గీస్తే ల్యాప్‌టాప్‌లో పడుతుంది, వంకర పోతే చెరుపుకోవచ్చు. కొడుకు సొంత షెడ్డు పెట్టబోతున్నాడు. దాని బోర్డు నేనే రాస్తానని ముసలాయన పట్టుపట్టాడు. పసివాడు గోడ పట్టుకుని అడుగులేసినట్టు ఒక్కో అక్షరం నేర్చుకుంటూ వచ్చాడు.

చిక్కంతా ఆ యంత్రంలోనే ఉంది. అందులో ఉన్న మెమరీ మొత్తం ఎనిమిది జీబీ. బొమ్మలకంటూ వేరే లేదు, ఆ ఎనిమిదిలోనే వాటికీ వాటా పెట్టాలి. ఆ వాటా మార్చాలంటే యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ వెలిగించాలి. కొత్తది వేయిద్దామంటే లోపలి సర్క్యూట్ బోర్డుకే అతికించి ఉంది, కుదరదన్నాడు రిపేరు చేసే అతను. బొమ్మలకు నాలుగు పెడితే కోడలి షీట్లు ఊపిరాడక ఆగిపోయేవి. రెండు పెడితే ఇద్దరికీ సగం సగమే నడిచింది. ఒకే దుప్పటి కింద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టినట్టు, ఒకడికి కప్పితే ఇంకొకడి కాళ్ళు బయటే.

ఇంకోసారి షీట్లు ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని ఆఫీసువాళ్ళు కబురు పెట్టారు. షెడ్డు నిలదొక్కుకునేదాకా ఇల్లు నడిచేది ఆ జీతం మీదే. కోడలు ఎవరికీ చెప్పకుండా బొమ్మల వాటాను అన్నిటికంటే కిందికి దించేసింది. ఆమె షీట్లు పరుగెత్తాయి. మామయ్య గీత కుంటింది.

టిఫిను దగ్గర అత్తయ్యే కదిపింది. "మీ నాన్న పలక కట్టిపెట్టేశారు, చూశావురా?"

"ఏం నాన్నా?" అన్నాడు కొడుకు.

"షెడ్డు బోర్డు ఎవరిచేతైనా రాయించుకోరా" అన్నాడు మామయ్య, కంచంలోకి చూస్తూ.

"డాక్టరు చెయ్యి బాగుందన్నాడు కదా, మొన్ననే."

"డాక్టరు చెయ్యి చూశాడు, గీత చూశాడా? నేను ఇటు లాగి ఆపేస్తాను. అది ఎప్పటికో ముక్కలుముక్కలుగా వస్తుంది. నా మాట చేతికి అందడం లేదురా. పక్షవాతం రెండోసారి వచ్చే ముందు ఇలాగే ఉంటుందేమో."

"ఇన్నేళ్ళూ మీరు నా మాట విన్నారా? ఇప్పుడు మీ చెయ్యి మీ మాట వినలేదని దిగులా" అంది అత్తయ్య. నవ్వించాలనే అంది.

కొడుకు నీళ్ళ గ్లాసు తండ్రి వైపు జరిపాడు. తర్వాత, "సరే నాన్నా, ఇంక కష్టపెట్టుకోకండి. వేరేవాళ్ళకి చెప్తాలెండి" అన్నాడు మెల్లగా.

తిట్టినా కోడలు ఓర్చుకునేదేమో. ఆ మెత్తదనానికి తట్టుకోలేకపోయింది.

"చెయ్యి కాదు మామయ్యా" అంది. "నేనే. బొమ్మలకిచ్చే మెమరీ తగ్గించేశాను. అందుకే గీత వెనకపడుతోంది."

కొడుకు కంచం తోసేశాడు. "ఆయన రాత్రిళ్ళు వేళ్ళు మడిచి చూసుకుంటుంటే నీకు తెలిసి కూడా..."

"తెలిసే. చెప్తే మళ్ళీ పెంచాలి. పెంచితే ఉద్యోగం పోతుంది. మీరు చెప్పండి, ఎంత పెట్టను? ఎంత పెడితే ఇద్దరికీ సరిపోతుంది?"

కొడుకు ల్యాప్‌టాప్ వైపు చూశాడు. లారీ ఇంజనైతే విప్పేవాడు.

కోడలు కళ్ళు తుడుచుకుని లేచింది. "ఇప్పుడే మార్చేస్తాను మామయ్యా, మీరే గీసి చూసుకోండి" అని ల్యాప్‌టాప్ ఆపబోయింది.

మామయ్య చటుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఆపకమ్మా. గైర్హాజరు వేస్తారు."

ఆ పట్టుకు కోడలి గాజు చర్మంలోకి నొక్కుకుంది. పట్టుకున్నది కుడిచెయ్యి. అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామయ్య తన వేళ్ళవైపే చూస్తూ ఉండిపోయాడు, తర్వాత నెమ్మదిగా వదిలాడు.

"అయితే చెయ్యి కాదన్నమాట" అన్నాడు.

"కాదు మామయ్యా. క్షమించండి."

"ఆ మాట ముందే చెప్పి ఉంటే, ఎంత తక్కువైనా సర్దుకునేవాణ్ణి కదే పిచ్చితల్లీ." ఆయన కొడుకు వైపు తిరిగాడు. "ఒరేయ్, ఆ మూట దించు."

షీట్లు తెరిచి ఉండగానే ఒక మూల బొమ్మల పేజీ పెట్టింది కోడలు. మెమరీ పెరగలేదు, పెంచే దారీ లేదు. మామయ్య మొదటి అక్షరం పూర్తిగా గీసి, పెన్ను ఎత్తి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తెర మీద ఏమీ లేదు. కొడుకు ఏదో అనబోయాడు.

"ఆగరా, వస్తుంది" అన్నాడు మామయ్య.

నలుగురూ తెరవైపే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి, తలకట్టు ముందు, కొమ్ము తర్వాత, ముక్క వెనక ముక్కగా అక్షరం రావడం మొదలైంది.