చివరి స్తంభం దగ్గరి వెలుగు

దగ్గరకి జరగండి. ఇంకొంచెం. అదిగో, తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా రండి. అక్కడికి వినబడదు. వినబడకపోతే కథ మధ్యలో "ఏమైంది, ఏమైంది" అని పక్కవాణ్ణి పొడుస్తారు. కూర్చున్నారా? సరే. ఇది నేను చూసింది కాదు, విన్నది. విన్నది విన్నట్టే చెప్తాను.

ఒక ఊళ్ళో కరెంటు లైనుకి చిట్టచివర ఒక ఖాళీ ఇల్లు ఉండేది. దాని ముందు ఆఖరి స్తంభం. ఆ తర్వాత వీధి లేదు, పొలాలే. ఊరంతా కరెంటు ఉన్న రాత్రి ఆ ఇల్లు చీకటిగా ఉండేది. ఊరంతా కరెంటు పోయిన రాత్రి... ఆ ఇంట్లో దీపం వెలిగేది.

మూలుగు కూడా వినబడేదట. ఆగకుండా, గొంతు మార్చకుండా, ఒకే మూలుగు.

ఆ ఊరి కరెంటు ఏ కంపెనీదీ కాదు. మీ పాతిక ఇళ్ళ కోసం ఇంత దూరం తీగలు లాగలేం పొమ్మని కంపెనీలు అంటే, ఊరివాళ్ళే తలో చెయ్యి వేసి, స్తంభాలు తామే పాతి, సంఘం పెట్టుకున్నారు. ఇంటికో సభ్యత్వం, ఇంటికో ఓటు. మిల్లు ఉన్నాయనకీ ఒకటే, బట్టలు కుట్టే ఆవిడకీ ఒకటే. మీటర్లు కూడా ఎవరివి వాళ్ళే చదివి చీటీ రాసి పంపేవాళ్ళు. కరెంటు పోతే ఎవణ్ణో తిట్టుకుందామంటే కుదరదు, అద్దం ముందు నిలబడి తిట్టుకోవాల్సిందే.

ఆ సంఘంలో లైన్‌మన్లు అన్నదమ్ములు ఇద్దరు. పెద్దోడు, చిన్నోడు. ఊరంతా అలాగే పిలిచేది.

లైను మీద పనికి ఎక్కేముందు వాళ్ళకో పద్ధతి ఉంది. స్విచ్చి తీసి, దానికి ఎర్ర బిళ్ళ తగిలిస్తారు. 'మనిషి ఉన్నాడు' అని దాని మీద రాసి ఉంటుంది. తగిలించినవాడే దాన్ని తియ్యాలి. వాడి కన్నతల్లి వచ్చి చెప్పినా ఇంకొకడు ముట్టుకోకూడదు.

మూడేళ్ళ కింద, పెద్ద గాలివాన రాత్రి, పెద్దోడే స్విచ్చి తీశాడు. బిళ్ళ తగిలించాడు. అక్కడే కాపలా నిలబడ్డాడు. చిన్నోడు ఆఖరి స్తంభం ఎక్కాడు.

చచ్చిన తీగలోకి ప్రాణం వచ్చింది. చిన్నోడి ప్రాణం పోయింది.

పరిగెత్తుకొచ్చినవాళ్ళు చూస్తే స్విచ్చి తీసే ఉంది. బిళ్ళ తగిలించే ఉంది. మరి కరెంటు ఎక్కణ్ణించి వచ్చింది? సంఘం వాళ్ళు ఆ లైను మీద ఇల్లిల్లూ తిరిగి అడిగారు. ఏమీ తేలలేదు.

పెద్దోడు అప్పటికి రెండు రాత్రులు నిద్రలేకుండా ఉన్నాడు. స్విచ్చి ఉన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కునుకు పట్టిందేమో... ఆ మత్తులో చెయ్యి పైకి వెళ్ళి స్విచ్చి వేసిందేమో... మళ్ళీ తనే కిందికి లాగాడేమో... లేదని ఒట్టు వెయ్యడానికి వాడికే నోరు రాలేదు. ఊళ్ళో ఎవరూ పైకి అనలేదు. అనకపోవడం కూడా వినబడుతుంది కదా. వాళ్ళమ్మ కూడా ఏమీ అనలేదు.

వాడు ఏడవలేదు. మొద్దుబారిపోయాడు. పొద్దున లేచేవాడు, స్తంభాలెక్కేవాడు, దిగేవాడు. వేలికి తీగ గీసుకుపోతే రక్తం చూసి తెలుసుకునేవాడు, నొప్పి వల్ల కాదు.

ఆ తర్వాతే ఖాళీ ఇంట్లో దీపం సంగతి పుట్టింది. చిన్నోడే తిరుగుతున్నాడన్నారు. పెద్దోడు విన్నాడు. విని తన పనికి తాను పోయాడు.

ఇక అసలు రాత్రి. మళ్ళీ గాలివాన. కొమ్మ విరిగి చివరి లైను మీద పడింది. ఆ వీధిలోనే బట్టలు కుట్టే ఆవిడ తండ్రి. ఆయనకి ఊపిరి యంత్రం మీదే నడుస్తుంది. దాని బ్యాటరీ రెండు గంటలు. ముందు వెలగాల్సిన ఇళ్ళని సంఘం ఒక జాబితా రాసుకుంది. అందులో మొదటి ఇల్లు అదే.

పెద్దోడు స్విచ్చి తీసి, బిళ్ళ తగిలించి, బావని తీసుకుని నడిచాడు. బావంటే వాళ్ళక్క మొగుడు, చిన్నోడి తర్వాత పనిలో చేరినవాడు. మనిషి మంచోడే గానీ నోరు ఊరుకోదు. ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అనే పిలుచుకునేవాళ్ళు.

ఆఖరి స్తంభం దగ్గరికి వచ్చారు. బావ నడుముకి బెల్టు బిగించాడు.

"ఎక్కేస్తున్నా బావా. మళ్ళీ ఆలోచిస్తే ఎక్కను."

"ఆగు."

"ఏంటి?"

పెద్దోడు చెయ్యెత్తి చూపించాడు.

ఖాళీ ఇంటి కిటికీలో... పసుపుపచ్చటి వెలుగు.

బావ గొంతు గుసగుసలోకి దిగింది. "వాడే... చిన్నోడే..."

"స్తంభం ముట్టుకోకు."

"స్తంభమా! నా చొక్కానే నేను ముట్టుకోవట్లేదు. పోదాం పద బావా... పిల్లలవాణ్ణి..."

పెద్దోడు అప్పటికే నడుస్తున్నాడు. ధైర్యం ఉండి కాదు. భయపడటానికి కూడా లోపల ఏదో ఒకటి ఉండాలి కదా, అది లేదు. ఒక్కటే అనుకున్నాడట: నిజంగా వాడే అయితే, అడుగుతాను. వాడికి తెలిసి ఉంటుంది. ఆ రాత్రి తీగలోకి కరెంటు వదిలింది ఎవరో.

వాకిలి దాటాడు. మూలుగు... దగ్గరైంది. తలుపు సందులోంచి వెచ్చటి గాలి వచ్చి మొహానికి తగిలింది. ఆ వాన రాత్రి, మూడేళ్ళుగా మనిషి లేని ఇంట్లోంచి, ఒంటి వేడి లాంటి గాలి.

మూలుగు కింద ఇంకేదో ఉంది. చెవి పెట్టాడు. గొంతులు. చిన్న చిన్న గొంతులు... పదులు కాదు, వందలు. అన్నీ ఒకేసారి ఏదో చెప్తున్నాయి.

పెద్దోడు తలుపుకి నుదురు ఆనించాడు.

"చిన్నోడా..." అన్నాడు. "నేనేనా?"

గొంతులు ఠక్కున ఆగిపోయాయి.

ఆగి — మళ్ళీ ఒక్కసారిగా లేచాయి.

తలుపు తోశాడు.

"అమ్మో! దెయ్యం!"

అరిచింది పెద్దోడు కాదు. లోపల తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో కోడిగుడ్డు పట్టుకుని నిలబడ్డ మనిషి. నీళ్ళోడుతున్న నల్ల వానకోటులో పెద్దోణ్ణి చూసి గోడకి అతుక్కుపోయాడు. ఆయన చుట్టూ గదినిండా గుడ్లు పొదిగే కరెంటు పెట్టెలు, ట్రేలు, గుడ్లు. అప్పుడే పగిలిన పెంకుల్లోంచి తడితడిగా కోడిపిల్లలు.

సంతలో కోడిపిల్లలు అమ్మే ఆయన. ఊళ్ళో అందరికీ తెలిసినవాడే.

"నువ్వా పెద్దోడా! గుండె ఆగినంత పనైంది. మా పిన్ని ఇల్లే కదయ్యా ఇది, కూతురి దగ్గరికి వెళ్తూ తాళం నాకిచ్చింది. పగలు వెనక పొలం దారిన వచ్చి చూసుకుంటాను. రాత్రి కరెంటు పోతే గుడ్లు చల్లబడతాయి, అప్పుడే పరిగెత్తుకొస్తాను. ఇంటి కనెక్షన్ మీద వ్యాపారమంటే సంఘంలో ఏమంటారో అని... నోరు మూసుకున్నాను. దెయ్యమనుకుంటే అనుకోనీ, దొంగలు రారు కదా అని..."

పెద్దోడు వినట్లేదు. వెనక గదిలో మూలుగుతున్న జనరేటరుని చూస్తున్నాడు. దాన్నించి బయల్దేరిన తీగని చూస్తున్నాడు. తీగ నేల మీదుగా పాకి, గోడ ఎక్కి, ప్లగ్గు దగ్గర ఆగింది. ప్లగ్గు పైన ఇంటి మెయిను స్విచ్చి. మెయిను వేసే ఉంది.

చెయ్యి చాచి మెయిను లాగేశాడు.

ఇంట్లో దీపం ఆరలేదు. జనరేటరు మూలుగు ఆగలేదు. పిల్లలు అరుస్తూనే ఉన్నాయి. తెగింది బయటి దారి ఒక్కటే.

"ఎన్నాళ్ళనించి?" అన్నాడు.

"జనరేటరా? మూడేళ్ళు దాటింది. మొదటి విడత గుడ్లు పెట్టిన వారానికే పెద్ద గాలివాన వచ్చింది చూడు, ఆ రాత్రే మొదటిసారి వేశా. ముందు కిటికీ మూసుకుని లోపలున్నా, ఆ హోరులో బయటి సంగతేమీ వినబళ్ళేదు. తెల్లారి ఇంటికి పోతుంటే దారిలో తెలిసింది, మీ తమ్ముడు..."

ఆయన మాట అక్కడ ఆగింది. పెద్దోడి చూపు ఎటుందో అటు చూశాడు. నేల మీది తీగ. గోడ. ప్లగ్గు. మెయిను. చూసుకుంటూ చూసుకుంటూ చివరికి కిటికీలోంచి బయటి స్తంభాన్ని చూశాడు.

"ఇందులోంచి..." అన్నాడు. "ఇందులోంచి బయటికి కూడా పోతుందా?"

"వచ్చే దారేగా," అన్నాడు పెద్దోడు. "పోయేదీ అందులోంచే. మెయిను తియ్యకపోతే."

ఆయన అక్కడే పెంకుల మధ్య కూలబడ్డాడు. చేతిలో గుడ్డు మాత్రం జారిపోనివ్వలేదు.

ఇల్లిల్లూ తిరిగి అడిగారని చెప్పాను కదా. ఈ ఒక్క ఇంటి తలుపే తట్టలేదు. సభ్యుల పుస్తకంలో 'ఖాళీ' అని ఉంది. ఖాళీ ఇంటిని ఎవరడుగుతారు?

బయట బావ కేకేస్తున్నాడు. "బావా! ఉన్నావా! ఉన్నావో లేవో చెప్పు, లేకపోతే నేను పోతాను!"

"ఉన్నాను," అన్నాడు పెద్దోడు.

ఆ రాత్రి స్తంభం వాడే ఎక్కాడు. పైనుంచి ఒకటికి రెండుసార్లు తీగ పరీక్ష చేశాడు. ఎటునించి కరెంటు వచ్చినా నేలలోకే పోయేలా అటూ ఇటూ రెండు వైపులా భూమికి గొలుసు దించాడు. గంటలో వీధి వెలిగింది. ముసలాయన యంత్రం ఆగలేదు.

తెల్లవారుతుంటే ఇంటికి వెళ్ళాడు. అమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"అమ్మా," అన్నాడు. "ఆ రాత్రి... నేను కాదమ్మా."

ఆవిడ దగ్గరికొచ్చింది. "నువ్వని నేనెప్పుడన్నాన్రా?"

"అనలేదు. కాదని కూడా అనలేదు."

ఆవిడ చెయ్యి కొడుకు తడి కోటు మీద పడింది. ఆ చెయ్యి పడిందని వాడికి కంటికి తెలిసిందేగానీ ఒంటికి తెలియలేదు.

"మరి ఎవర్రా?" అంది.

వాడు నోరు తెరిచాడు. పెంకుల మధ్య కూలబడ్డ మనిషి కళ్ళముందు కనబడ్డాడు.

"...ఎవరూ కాదమ్మా."

అంతే. ఇంక లేదు. లేవండి. జనరేటరు ఉన్నవాళ్ళు ఇవాళే ఇంట్లో చెప్పండి, ముందు మెయిను తియ్యమని. పొండి, మీ అమ్మలు కంచాలు పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, తిని పడుకోండి. చిన్నవాళ్ళని చేయిపట్టుకుని తీసుకెళ్ళండి, చీకటిగా ఉంది.