వదిన కొనిచ్చిన ల్యాప్‌టాప్

"మీ అన్నయ్య బతికే ఉన్నాడు," అన్నాడు చీఫ్.

మిణుగురు ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. మిణుగురు అతని కోడ్ నేమ్. బయటివాళ్లకు మాత్రం అతను సందు చివర కంప్యూటర్ రిపేర్ షాపు నడిపే బట్టతల మెకానిక్. ఆ బట్టతల రబ్బరుది, ఎండాకాలంలో ప్రాణం తీసేది.

"నిన్న నీ ల్యాప్‌టాప్‌కి 'రేపు పని ఉంది' అని మెసేజ్ పెట్టింది ఇందుకే. విదేశీ ముఠా గుట్టంతా మెమరీ కార్డులో పెట్టుకుని ఎక్కడో దాక్కున్నాడు. వాళ్లకు దొరికితే చంపేస్తారు. పన్నెండింటికి ఒక్క నిమిషం తన వైర్‌లెస్ సెట్ ఆన్ చేస్తాడు. అప్పటికి నీ కోడ్ మెసేజ్ అక్కడ ఉండాలి. ఒంటిగంటకి పాత రేవులో మన బోటు."

"వదినకి చెప్పనా సార్?"

"ఆవిడా మన ఏజెంటే, కాదనను. అయినా వద్దు. రూలు రూలే."

మిణుగురు కొత్త ల్యాప్‌టాప్ ఆన్ చేశాడు. కిందటి వారమే వదిన కొనిచ్చింది. "షాపులోంచి నేరుగా తెచ్చా మరిదీ, సీలు కూడా తియ్యలేదు. చవకది కదా, మెల్లగా నడుస్తుంది. సర్దుకుపో," అంది.

వదిన అంటే అల్లాటప్పా మనిషి కాదు. గూఢచారి శాఖ పంపగా ఆ ముఠాలో చేరిన డబుల్ ఏజెంట్. ఆమె హైహీల్స్ చప్పుడు వినపడితే సెలూన్‌లో మగవాళ్లు సగం గడ్డంతో లేచి తొంగిచూసేవారు. అమ్మ పోయాక మిణుగురుకు అన్నం పెట్టిన చెయ్యి కూడా ఆవిడదే.

తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. కోడ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. మౌస్ కదిపితే బాణం తీరిగ్గా ఒళ్లు విరుచుకుని కదులుతోంది.

ఈ రోగం అతనికి కొట్టిన పిండి. కంపెనీవాళ్లు ఉచితంగా అంటగట్టిన ప్రోగ్రాములన్నీ ఆన్ చెయ్యగానే పొలోమని లేచి కూర్చుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్‌లో ఉన్నవాటి పీకలు నొక్కుతూ పోయాడు. ఒక్కటి మాత్రం ఆపిన మరుక్షణమే మళ్లీ లేచింది. పేరు ప్రింటర్ సర్వీసు. తనకు ప్రింటరే లేదు! తెర మీది ప్రతి అక్షరాన్నీ మూటగట్టి ఎక్కడికో పంపుతోంది. ల్యాప్‌టాప్‌ను నత్తను చేసింది అదే.

ఇన్‌స్టాల్ చేసిన తేదీ చూశాడు. వదిన ల్యాప్‌టాప్‌ను తన చేతిలో పెట్టడానికి ముందురోజు.

నిజంగా కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి తెరిస్తే భాష ఏది, దేశం ఏది, పేరేమిటి, వైఫై ఏదని పోలీసులకన్నా ఎక్కువ ప్రశ్నలు వేస్తుంది. ఇది ఏమీ అడగకుండానే తెరుచుకుంది. ఆ తలనొప్పి తప్పిందని తను సంబరపడ్డాడు. మెకానిక్ అయ్యుండి!

షాపువాడి పని కావచ్చు. వదినది కాకూడదు. ఫోన్ చేశాడు.

"వదినా, నీ ల్యాప్‌టాప్ చంపుకుతింటోంది. ఫార్మాట్ కొట్టేస్తున్నా."

"వద్దు! దాన్ని ముట్టుకోకు!" అంతలోనే ఆవిడ గొంతు మెత్తబడింది. "ఈ ఒక్కరోజు ఓపిక పట్టు నాన్నా. రేపు మంచిది కొనిస్తాగా."

ఈ ఒక్కరోజు. ఈ రోజు పని ఉందన్న సంగతి ఈ ల్యాప్‌టాప్‌కి నిన్న చీఫ్ పంపిన మెసేజ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

మిణుగురుకు ఏడుపు ముంచుకొచ్చింది. శత్రువు చేసుంటే కోపం వచ్చేది. జ్వరమొస్తే తెల్లవార్లూ పక్కన కూర్చున్న మనిషి, కట్టుకున్నవాడి ప్రాణాన్నే బేరం పెట్టింది. అందుకు మరిది చేతినే వాడుకుంది. వదినా అని పిలిచిన ప్రతిసారీ తను ఆవిడకి ఎంత వెర్రివాడిలా కనిపించాడో!

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "రేవుకి కమాండోలని పంపండి. అన్నయ్యకి పంపడానికి నాకు వేరే చోటు చెప్పండి."

"రైల్వే పార్సిల్ ఆఫీసు, వెనక గేటు. వ్యాను ఉంటుంది. ఏమైందోయ్?"

"తర్వాత చెప్తా సార్."

నోట్‌ప్యాడ్‌లో "ఒంటిగంట, పాత రేవు" అని కొట్టాడు. ఎవరికీ పంపలేదు. పంపనక్కర్లేదు, ప్రింటర్ సర్వీసు దాన్ని ఆవురావురుమంటూ మింగేసింది. అది మింగిందని రూఢి చేసుకున్నాక ల్యాప్‌టాప్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచాడు. అక్కడ దానికి లేచే వీలు లేదు. వేళ్లతో సహా పీకి పారేసి, మళ్లీ ఆన్ చేశాడు.

కోడ్ సాఫ్ట్‌వేర్ ఠక్కున తెరుచుకుంది. పార్సిల్ ఆఫీసు సంగతి టైప్ చేసి సెండ్ నొక్కాడు. గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

ఒంటిగంట దాటాక చీఫ్ ఫోన్. "రేవులో ముఠా మొత్తం దొరికింది. వాళ్లతోపాటు ఒక ఆడమనిషి కూడా ఉందట..."

"హైహీల్సా సార్?"

"నీకెలా తెలుసు?"

మిణుగురు ఫోన్ పెట్టేసి, రబ్బరు బట్టతల పీకేసి ముఖం తుడుచుకున్నాడు. అప్పుడే ల్యాప్‌టాప్ టింగుమంది. అన్నయ్య.

"బయటపడ్డాన్రా తమ్ముడూ. ముందు మీ వదినకి చెప్పు. నా కోసం ఎంత అల్లాడిపోతోందో పాపం."

మెసేజ్ రెప్పపాటులో తెరుచుకుంది. జవాబు రాసే పెట్టె అంతకన్నా ముందే తెరుచుకుని కూర్చుంది. ఇలాంటి పనులకు కాస్త మెల్లగా నడిచే ల్యాప్‌టాపే నయం అనుకున్నాడు మిణుగురు.