దుంప నిద్రకు కాపలా

మెదక్‌లో పౌలు నీళ్ల ట్యాంకర్ హారన్ కొడితే మేఘాలు కూడా పక్కకు తప్పుకుంటాయని చెప్పుకునేవారు. అలాంటి పౌలుకు ఆ చలికాలం పొద్దున నిస్సి ముందు నోరెండిపోయింది.

"ఇదేంది పౌలూ? కుండీల మొక్క పెంచుమంటె చెరువు పెంచుతున్నవా?"

ఆమె చేతిలోని కుండీ నుంచి నీళ్లు కారుతున్నాయి.

మందుల కోసం తవ్వి తవ్వి నర్సాపూర్ అడవిలో అడవినాభి తీగను దాదాపు మాయం చేశారు. దాన్ని కాపాడేందుకు నిస్సి ఓ గుంపు కట్టి, దొరికిన ఇరవై దుంపలను ఊళ్లో పది ఇళ్లకు రెండేసి పంచింది. పది ఇళ్లవాళ్లూ వాటిని పసిపిల్లల్లా సాకుతున్నారు. ఆ పువ్వు విచ్చుకుంటే కొమ్మకు మంట అంటుకున్నట్టే ఉంటుందట. పౌలు మాత్రం పువ్వును ఎన్నడూ చూడలేదు, నిస్సిని చూసే ఆ గుంపులో చేరాడు.

"తీగ ఎండిపోయింది గదా మేడం, దూప అయితుందేమో అని దినాం రెండు బకెట్లు పోసిన."

"చలికాలంల దుంప పండుకుంటది! నిద్రపోయేటోని నోట్ల ఎవరన్న నీళ్లు పోస్తరా?"

ఒక దుంప కుళ్లిపోయింది. రెండోదాని కుళ్లిన అంచు కోసి, బూడిద అద్ది, పొడి ఇసుకలో పాతిపెట్టింది నిస్సి.

"వాన పడేదాక చుక్క పొయ్యద్దు. ఇది గూడ పోతే నేను నీతోని మాట్లాడ."

ఎండాకాలమంతా ఊరికి నీళ్లు పోసిన పౌలు ఆ కుండీకి దొంగచూపులు తప్ప ఏమీ పోయలేదు. తుంపర పడుతుందేమోనని ట్యాంకర్‌ను వీధి చివరే ఆపేవాడు. నిస్సి అమ్మమ్మ నవోమి నవ్వింది, "పెండ్లిపిల్లకు గూడ గింత కాపలా ఉండదు బిడ్డా!"

జూన్‌లో ఓ మధ్యాహ్నం వాన దంచింది. నిస్సి పరుగున వచ్చి చూస్తే, పౌలు నిలువునా తడుస్తూ కుండీకి గొడుగు పట్టి నిలబడ్డాడు.

"అయ్యో, తియ్యి! గీ వాన కోసమే గదా ఆగుమన్న!"

"నువ్వొచ్చి చెప్తెనే తీస్త అనుకున్న. ఒకసారి నా తెలివితోని ఆగం జేసిన."

ఆమె గొడుగు లాక్కుని, వేలితో ఇసుకను మెల్లగా కదిపింది. చిలుక ముక్కంత పచ్చటి మొలక. ఇద్దరి తలలూ దాని మీదికి వంగి ఢీకొన్నాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"నిస్సీ, నేను గుంపుల చేరింది మొక్కల కోసం కాదు."

"ఎరుకే. రిజిస్టర్ల సంతకం పెట్టుమంటె, నన్ను చూసుకుంట బల్ల మీద పెట్టినవ్."

"ఇప్పుడైతే మొక్కల కోసమే వస్తున్న."

ఆమె మూతి ముడిచింది. "మొక్కల కోసమేనా?"

"మొక్కల కోసం గూడ!"

నిస్సి నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే ఆదివారం ప్రార్థన అయినంక ఇంటికొచ్చి అమ్మమ్మను అడుగు. మా పెరట్ల కుండీల జోలికి మాత్రం పోకు."