ఏ పట్టీలోనూ లేని పైడి

కుంభగిరి రాజ్యానికి ఒక వైపు కొండలు, ఇంకో వైపు కడలి. కొండల మీద గుర్రమంత గద్దలు, కడలి ఒడ్డున పడవంత గూడబాతులు ఉండేవి. వాటినెక్కి ఆకాశంలో కాపలా తిరిగే వీరులు రెండు దళాలుగా ఉండేవారు. గద్దలవాళ్లది కొండదళం, గూడబాతులవాళ్లది కడలిదళం. దళాలదాకా ఎందుకు, పన్నెండేళ్లు నిండిన ప్రతి మనిషి పేరూ కొండ పట్టీలోనో కడలి పట్టీలోనో రాసి తీరాలి. ఒకసారి రాశాక ఇటునుంచి అటు మారినవాళ్లు లేరు. ఎందుకు మారకూడదని అడిగినవాళ్లూ లేరు. పెద్దవాళ్లు పెట్టుకునే నియమాలు కొన్ని ఇలాగే ఉంటాయి, ఏం చేస్తాం!

ఒక వేసవి ఉదయం చేపలు పట్టేవాళ్లు రాజసభలోకి పరుగెత్తుకొచ్చి కూలబడ్డారు. వాళ్ల నోట మాట రావడానికి రెండు చెంబుల నీళ్లు పట్టింది.

"మారాజా, మన నీలవేణి ఓడ నడిసంద్రంలో నిలబడిపోనాది. తెరచాప ఉప్పు. తాళ్లు ఉప్పు. మనుసులు కూడా ఉప్పేనయ్యా! సుక్కాని పట్టుకున్నోడు పట్టుకున్నట్టే ఉండిపోనాడు!"

సభ అంతా కొయ్యబారిపోయింది. కడలిదళం వీరులందరూ తమ పక్షులతో సహా ఆ ఓడలోనే ఉన్నారు మరి. రాజు కనకకంఠుడు ఏం చేయాలో చెప్పమని ఆస్థాన జ్యోతిష్కుణ్ణి అడిగాడు.

జ్యోతిష్కుడు కళ్లు మూసుకుని చాలాసేపు ధ్యానించాడు. "ఇది ఉప్పురక్కసి పని ప్రభూ. ప్రాణమున్న మనిషి ఆ ఓడ మీద పాదం మోపితే మాయ విడిపోతుంది. పడవలో వెళ్తే పడవా ఉప్పవుతుంది. ఆకాశం నుంచి దిగాల్సిందే. మృగశిర కార్తెకు ఇంకా పదిహేడు రోజులే ఉన్నాయి. తొలకరి వాన పడిందంటే ఉప్పు కరుగుతుంది. దానితో పాటు మనుషులూ..."

కొండదళం గద్దలేమో సముద్రం కనబడితే చాలు, కళ్లు తిరిగి వెనక్కి మళ్లుతాయి.

చుక్కాని పట్టుకుని ఉప్పైపోయిన ఆ సరంగు పేరు పోలినాయుడు. అతని కూతురు పైడి. పదహారేళ్లది, తల్లి లేని పిల్ల. సముద్రం మీది బతుకు తనతోనే ఆగిపోవాలని పోలినాయుడు పట్టుబట్టి కూతురి పేరు కొండ పట్టీలో రాయించాడు. పైడి గద్దనెక్కడం నేర్చుకుంటూ పది నెలలు పూర్తిచేసింది. ఇంకో రెండు నెలలైతే ఏడాది చదువు ముగిసి, వీరుల గుర్తైన వెండి ఈక తలపాగాలో పెట్టుకోవచ్చు.

కబురు వినగానే పైడి వెక్కి వెక్కి ఏడ్చింది. తరువాత ముఖం కడుక్కుని దళనాయకుడు భైరవుడి ఎదుట నిలబడింది.

"నా పేరు కొట్టేయండి నాయకా. నేను కడలిదళంలోకి వెళ్తాను."

భైరవుడి చేతిలోని మజ్జిగ ముంత జారి పడింది. నలభై ఏళ్ల కొలువులో ఆయన ఇలాంటి మాట వినలేదు.

"మతి పోయిందా అమ్మాయీ? పది నెలల కష్టం గంగపాలు చేసుకుంటావా? కొట్టేసిన పేరు మళ్లీ ఈ పట్టీలో రాయడానికి లేదు, తెలుసా?"

"తెలుసు నాయకా. అక్కడున్నది మా నాయన."

భైరవుడు పట్టీ తెప్పించి ఆ పేరు మీద గీత గీశాడు. పైడి తన గద్ద మెడ నిమిరి కొండ దిగింది.

ఒడ్డున కడలిదళంలో మిగిలింది ఇద్దరే. ఒకరు విద్య నేర్పే ముసలి దాలమ్మ, రెండోది ఆమె కంటే ముసలిదైన ఒంటికన్ను గూడబాతు.

"ఏటే కొండ పిల్లా, గద్ద మీద కూకున్నంత సులువనుకున్నావేటి?" అంది దాలమ్మ.

"నేర్పు మామ్మా. ముందు పట్టీలో నా పేరు రాయి."

"అప్పుడేనా? కదిలే తెప్ప మీద ఒక్కపాలి సరిగ్గా దిగు. అప్పుడు రాస్తాను. అది మా ఆనవాయితీ."

ఎగరడం పైడికి కొత్త కాదు. దిగడంతోనే వచ్చింది చిక్కు. కొండచరియ మీద దిగేటప్పుడు పగ్గం బిగించి పట్టాలి, లేకపోతే గద్ద బండకు కొట్టుకుంటుంది. పది నెలలుగా ఆమె చేతులకు అదే అలవాటు. ఇక్కడ తెప్ప అల మీద లేస్తూ పడుతూ ఉంటుంది. పగ్గం బిగించగానే పక్షి ఆగేది, తెప్ప జారిపోయేది, పైడి బుడుంగున నీళ్లలో పడేది.

"వదిలీవే!" అని ఒడ్డు నుంచి దాలమ్మ అరిచేది. "కొండైతే ఉన్నకాడే ఉంటాది. తెప్ప ఉండదు. అది ఎటెల్తాదో పిట్టకి ఎరిక. నువ్వు పగ్గం వదిలీ!"

వదలాలనే పైడి అనుకునేది. దిగే క్షణంలో వేళ్లు వాటంతటవే బిగుసుకునేవి. పదిహేను రోజుల్లో అరవై మూడుసార్లు పడింది. గూడబాతు ప్రతిసారీ ఆమెను తన సంచి ముక్కుతో పైకి తీసి, విసుగ్గా ఒడ్డున కక్కేది.

"నీ పేరు కొండ దిగింది గానీ, నీ సేతులు ఇంకా దిగనేదే," అంది దాలమ్మ.

పదహారో రోజు ఉదయమే నైరుతి మూల నల్లబడింది. దాలమ్మ ముఖం పాలిపోయింది. వాన ఒక రోజు ముందే వచ్చేస్తోంది!

"దిగడం రానేదు. పేరు రాయనేదు," అంది కళ్లు తుడుచుకుంటూ. "అయినా ఎల్లు తల్లీ."

పైడి జాముసేపు ఎగిరాక నీలవేణి తెల్లగా మెరుస్తూ కనబడింది. ఇంతలో నీళ్లు రెండుగా చీలి, తాటిచెట్టంత ఉప్పురక్కసి లేచి నిలబడింది.

"నా బొమ్మల కొలువుకి ఇంకో బొమ్మ వచ్చిందే! కడలి పట్టీలో ఉన్నదానా, ఉప్పైపో!"

పైడి గట్టిగా కళ్లు మూసుకుంది. కాసేపటికి చెంప తడుముకుంటే మెత్తగానే ఉంది! రక్కసి ముఖం వెలవెలబోయింది.

"అయితే కొండదానివా? కొండ పట్టీలో ఉన్నదానా, ఉప్పైపో!"

ఈసారీ ఏమీ కాలేదు. రక్కసి నోరు తెరుచుకుని ఉండిపోయింది. "ఇదెక్కడి విడ్డూరం! ఈ రాజ్యంలో కొండకీ కడలికీ చెందని మనిషే ఉండదని ఆ రెండు మంత్రాలే నేర్చుకున్నానే! ఎవరి మనిషివే నువ్వు?"

సంగతి పైడికీ అప్పుడే తెలిసింది. అంత భయంలోనూ ఆమెకు నవ్వు వచ్చింది. "అటు కొట్టేశారు, ఇటు ఇంకా రాయలేదు. నేను పోలినాయుడి కూతుర్ని, అంతే!"

చూశారా పిల్లలూ! అరవై మూడుసార్లలో ఒక్కసారి సరిగ్గా దిగి ఉంటే, పేరు పట్టీలోకి ఎక్కేది, పిల్ల ఉప్పుబొమ్మ అయ్యేది. చెబుతున్న నాకే ఒళ్లు జలదరిస్తోంది.

అప్పుడే మొదటి చినుకు పైడి ముక్కు మీద పడింది. కింద తెరచాప అంచు కరిగి కారుతోంది. చుక్కాని మీద తండ్రి చెయ్యి ఉంది. దాని చిటికెనవేలి కొస ఆమె చూస్తుండగానే కరిగిపోయింది.

"నాయనా!" అని కేక పెట్టి పక్షిని కిందికి దించింది. మళ్లీ అదే తప్పు! వేళ్లు బిగుసుకున్నాయి, పక్షి ఆగింది, ఓడ అల మీద పక్కకు జారిపోయింది. వాన జోరందుకుంది.

పైడి తన చేతుల వైపు కోపంగా చూసింది. వీటిని నమ్మి లాభం లేదు. గబగబా పగ్గం ముడి విప్పి, పగ్గాన్నే సముద్రంలోకి విసిరేసింది. ఇక పట్టుకోవడానికి ఏమీ లేదు. గూడబాతు ఒంటికన్ను ఒకసారి మూసి తెరిచి, అలతో పాటు వంగి, ఓడ మీద మెత్తగా వాలింది.

పైడి పాదం తగలగానే ఓడంతా ఫెళఫెళలాడింది. కర్రకు రంగు వచ్చింది, తెరచాప ఎగిరింది, పక్షులు రెక్కలు విదిలించాయి. ఉప్పురక్కసి తన ఉప్పు ఒంటి మీదే వాన పడుతుంటే కెవ్వున అరుస్తూ కరిగి సముద్రంలో కలిసిపోయింది.

పోలినాయుడు కళ్లు నులుముకుని కూతుర్ని చూసి అదిరిపడ్డాడు. "పైడీ! నువ్వు కొండ మీదుండాల కదే! నిన్నిక్కడికెవులు రానిచ్చేరు?"

పైడి అతని మెడ కావలించుకుంది.

ఒడ్డుకు చేరగానే కనకకంఠుడు ఆమెను కడలిదళానికి నాయకురాలిని చేస్తానన్నాడు.

"ఒక్కసారే సరిగ్గా దిగాను మహారాజా. మిగిలిన రెండు నెలలూ నేర్చుకోనివ్వండి," అంది పైడి. రాజు సరేనన్నాడు. దళం మారినవాళ్లు అంతవరకు నేర్చిన నెలలు కొత్త దళంలోనూ లెక్కకొస్తాయని ఆ రోజే శాసనం వేయించాడు. కొన్నేళ్లకు పైడి రెండు దళాలకూ నాయకురాలై ఆకాశాన్ని ఏలిందని వేరే చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం జరిగింది మాత్రం చెప్పాలి. దాలమ్మ కడలి పట్టీ తెచ్చి గంటం చేత పట్టుకుంది. రాయబోయి, దాన్ని పోలినాయుడి చేతికిచ్చింది.

"నీ కూతుర్ని సంద్రంకాడికి రానీనన్నోడివి నువ్వే. నువ్వే రాయి."

పోలినాయుడు కూతురి ముఖంలోకి చూశాడు. కొస పోయిన వేలున్న చేత్తోనే, ఒక్కో అక్షరం నెమ్మదిగా, పైడి పేరు రాశాడు.